పాత కారవాన్ గోడలు చీకిపోయాయి, ఎక్కడి నుంచి విప్పాలి?

సువర్ణముఖి (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఒక పాత కారవాన్ కొన్నాం. స్వరాజ్ మజ్దా చాసిస్ మీద కట్టిన బండి, 2006 మోడల్. మొదట్లో షూటింగులకు తిరిగిందట. ఇంజను, బ్రేకులు, టైర్లు మెకానిక్‌కి చూపించాకే తీసుకున్నాం, వాటితో పేచీ లేదు. బాడీతోనే తంటా.

బయట అల్యూమినియం రేకు, రివెట్లు కొట్టి ఉంది. లోపల చెక్క రీపర్ల ఫ్రేము, సందుల్లో థర్మోకోల్, దాని మీద ప్లైవుడ్, ఆపైన సన్‌మైకా. డ్రైవర్ క్యాబిన్ మీదికి పొడుచుకొచ్చిన భాగంలో ఒక మంచం ఉంది. ఆ మంచం ఎడమ మూల సన్‌మైకా ఉబ్బింది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. పరుపు ఎత్తితే ముక్కిన వాసన. వెనక కుడి చక్రం పైన బాత్రూం గోడ, నేలకి దగ్గరగా, అదే పరిస్థితి. పెద్ద కిటికీ కింద గోధుమరంగు చారలు దిగాయి.

ఇక్కడి షెడ్డులో చూపిస్తే "మొత్తం పీకేసి ఐరన్ బాడీ కట్టేద్దాం మేడమ్" అన్నారు. అంత ఖర్చుకి మేం సిద్ధంగా లేం. మా వారికి చెక్కపని కొంత వచ్చు, పనిముట్లూ ఉన్నాయి. దసరా సెలవులకి అరకు వెళ్ళాలని పిల్లలు ఇప్పటి నుంచే బట్టలు సర్దుతున్నారు, నాకేమో టెన్షన్. ఎక్కడి నుంచి విప్పాలో, అసలు విప్పాలో వద్దో చెప్పండి.

కొత్తవలస కుర్రోడు

అక్కా, దీనికి అంత ఆలోచన ఎందుకు? బయట జాయింట్లన్నిటికీ సిలికాన్ కొట్టించేయండి. లోపల ఉబ్బిన చోట కొత్త సన్‌మైకా అంటించేయండి. ఒక్క ఆదివారం పని. అరకు వెళ్ళొచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు.

హైవే16 (శ్రీకాకుళం)

మేడమ్, సిలికాన్ మాత్రం వద్దు. చవగ్గా దొరికే సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అది ఎసిటిక్ యాసిడ్. లోహానికి అది పడదు. అంతకన్నా పెద్ద చిక్కు, సిలికాన్ పూసిన చోట తర్వాత ఏదీ అంటుకోదు. పెయింటు నిలవదు, వేరే సీలెంట్ నిలవదు, కొత్త సిలికాన్ కూడా పాతదాని మీద సరిగ్గా పట్టదు. తిన్నర్‌తో తుడిస్తే పోయినట్టే ఉంటుంది గానీ పలచటి పొర మిగిలిపోతుంది. ఇక లోపల కొత్త షీటు అంటించడమంటే తడిని గోడలో పెట్టి తలుపు వేయడమే.

ముందు నీళ్ళు ఎక్కడి నుంచి దూరుతున్నాయో తేల్చండి. ఉబ్బిన చోటే లీకు ఉండాలని లేదు, చాలాసార్లు ఉండదు కూడా. నీళ్ళు పైన ఎక్కడో దూరి, రీపరు వెంట పాకి, బండి ఎటు వాలి ఉంటే ఆ మూలకి చేరతాయి. మీ బండి నిలబెట్టిన చోట నేల ఎటు వాలుగా ఉందో చూశారా?

పరీక్ష ఇలా చేయండి. లోపల అనుమానం ఉన్న చోట సన్‌మైకా, ప్లైవుడ్ కొంచెం కోసి రీపరు కనబడేలా పెట్టుకోండి. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. బయట ఒకరు తోట పైపుతో నీళ్ళు పట్టాలి, కింది నుంచి పైకి. పైనుంచి మొదలుపెడితే కారిన నీళ్ళు కింది జాయింట్లన్నిటినీ తడిపేస్తాయి, ఏది కారుతోందో తెలియదు. ముందు కింది అంచు పట్టీ, తర్వాత కిటికీ, తర్వాత మూల బీడింగ్, ఆఖరున కప్పు. ఒక్కో చోట ఐదు పది నిమిషాలు ఓపిగ్గా ఆగాలి. నీళ్ళు ధారగా కొట్టొద్దు, వానలా పడనివ్వండి.

చెక్క ఎంతవరకు పోయిందో చూడ్డానికి పాత స్క్రూడ్రైవర్ చాలు. గుచ్చితే గట్టిగా ఆగితే మంచిది, మెత్తగా దిగితే పోయింది. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే రెండు సూదులుండే మాయిశ్చర్ మీటరు తెప్పించండి. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుళ్ళు పట్టదు. 28, 30 దాటి చాలాకాలం ఉంటే శిలీంధ్రం పట్టి తినడం మొదలుపెడుతుంది. గోడంతా సుద్దముక్కతో గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో అంకె రాసుకుంటూ పోతే తడి ఎటు నుంచి వస్తోందో మీకే బొమ్మ కడుతుంది.

కొత్తవలస కుర్రోడు

మా మావయ్య బస్సుకి సిలికానే కొట్టారు, బ్రహ్మాండంగా ఉంది.

హైవే16

బస్సు గోడల్లో చెక్క ఎంత ఉందో మీ మావయ్యని అడగండి.

సువర్ణముఖి

పైపు పరీక్ష చేశాం. ఎడమ మూలలో ఉబ్బింది కాబట్టి ఎడమ బీడింగే అనుకున్నాం, అది శుభ్రంగా ఉంది. నీళ్ళు దూరుతున్నది క్యాబిన్ పైన నుదుట ఉండే చిన్న ఎర్ర దీపాల దగ్గర! కుడివైపు రెండో దీపం వైరు కోసం పెట్టిన రంధ్రానికి రబ్బరు బుష్ లేదు. నీళ్ళు అక్కడ దిగి, అడ్డ రీపరు మీదుగా ఎడమకి వెళ్తున్నాయి. దాసన్నపేటలో మేం నిలబెట్టిన ఖాళీ స్థలం ఎడమకి వాలుగా ఉందని లెవెల్ పెట్టి చూస్తే తేలింది.

కిటికీ పైన సీలెంట్ పగిలిపోయింది, అక్కడా కొంచెం కారుతోంది. బాత్రూం దగ్గర మాత్రం బయట ఎంత తడిపినా లోపల చుక్క రాలేదు. అక్కడ గోడ కింద గుచ్చితే స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది.

సాలూరు సత్తిబాబు

నమస్కారమమ్మా. మా సాలూరు ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ విజయనగరం బళ్ళు మాకు కొత్తేటి కాదు. లారీ బాడీలు కట్టడమే మా పని.

బాత్రూం దగ్గర పైనుంచి చూడకండి, బండి కిందకి దూరి చూడండి. వెనక చక్రం పైన రేకు ఉంటాది. చక్రం తిరిగేటప్పుడు నీళ్ళు, బురద, చిప్స్ రాళ్ళు తుపాకీ గుళ్ళలా దానికి తగుల్తాయి. ఆ రేకు నేల ప్లైవుడ్‌కి కలిసే జాయింటు తెరుచుకుంటే వానలో బండి నడిచినప్పుడే నీళ్ళెక్కుతాయి. నిలబెట్టి పైపు పడితే ఏటి తెలుస్తాది? కింద నుంచి పైకి పైపు పట్టి చూడండి. అప్పటికీ రాకపోతే లోపల బాత్రూం ట్రే పగిలిందేమో చూడండి. డ్రైన్ మూసి ట్రేలో నీళ్ళు నింపి రాత్రంతా వదిలేసి, పొద్దున నీటి మట్టం దిగిందో లేదో చూస్తే సరిపోతాది.

ఇక ఐరన్ బాడీ సంగతి. షెడ్డువాళ్ళు చెప్పింది తప్పేం కాదు, వాళ్ళకి వచ్చిన పని అది. కానీ ఒక మాట గట్టిగా చెప్తాను. గోడలో థర్మోకోల్ ఉన్నంతవరకు వెల్డింగు రాడ్డు దగ్గరికి రానివ్వద్దు. రేకు వెనక అది అంటుకుంటే పైకి కనబడదు, కనబడేసరికి పొగతో నిండిపోతాది. ఎక్కడైనా వెల్డింగు తప్పదంటే అక్కడి థర్మోకోల్ మొత్తం తీసి, బ్యాటరీ వైర్లు విప్పి, పక్కన నీళ్ళ బకెట్టు పెట్టుకుని అప్పుడు చేయించండి.

ముందుభాగం విప్పే ముందు కింద జాకీ గానీ సర్వీబాదులు గానీ ఆనించండి. క్యాబిన్ మీద మంచం బరువంతా ఆ చీకిపోయిన రీపర్ల మీదే ఉంది కదా. అవి తీసేస్తే నుదురు కిందకి దిగిపోతాది, తర్వాత కిటికీ అద్దం కూర్చోదు, తలుపు పడదు. ఆనించి, కొద్దిగా ఎత్తి, తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూసుకుని అప్పుడు కోత మొదలుపెట్టండి.

లోపల నుంచే విప్పండి. బయట రేకు బాగుంటే దాన్ని ముట్టుకోవద్దు.

చెక్కముక్క (బొబ్బిలి)

సత్తిబాబు గారి మాటకి కొనసాగింపు. వీణల ఊరి నుంచి రాస్తున్నాను గానీ నేను చేసేది బీరువాలు, మంచాలు.

చీకిన చెక్కని మెత్తబడిన చోటే కోసి ఆపకండి. కంటికి బాగున్నట్టు కనబడే చోట కూడా శిలీంధ్రం లోపల పాకి ఉంటుంది. గట్టి చెక్క తగిలాక ఇంకో జానెడు దాటి కోయండి. రీపరు మొత్తం మార్చడం కుదిరితే మంచిది. కుదరకపోతే రెండు ముక్కల్ని నిటారుగా కోసి ఎదురెదురుగా అతికించొద్దు, ఆ అతుకు కుదుపులకి నిలవదు. రెండిటినీ ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. వాలు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. అంటే 25 మిల్లీమీటర్ల రీపరుకి 200 మిల్లీమీటర్ల పొడవు వాలు. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పెట్టి బిగిస్తే అది చెక్కంత బలంగా ఉంటుంది. ఫెవికాల్ ఇక్కడ వద్దు.

ప్లైవుడ్ విషయంలో దుకాణంలో "వాటర్ ప్రూఫ్ సార్" అన్నంత మాత్రాన తీసుకోకండి. షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అనేది మామూలు ప్లైవుడ్ ప్రమాణం. అందులో ఎంఆర్ రకం తేమకి ఓర్చుకుంటుందే తప్ప తడికి కాదు. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ ప్లై, దాని జిగురుకి 72 గంటలు మరిగే నీళ్ళలో పరీక్ష ఉంటుంది. బాత్రూం గోడకి, నేలకి అదే వాడండి. మంచం పక్క గోడకి 303లోనే బీడబ్ల్యూఆర్ రకం, అంటే మరిగే నీళ్ళకి ఓర్చుకునేది, సరిపోతుంది. మందం పెంచుకుంటూ పోవద్దు. 18 మిల్లీమీటర్ల ఎనిమిది నాలుగు షీటు సుమారు 35 కిలోలుంటుంది, కారవాన్‌లో ఆ బరువంతా డీజిలే. గోడకి 6, నేలకి 12 చాలు, కింద రీపర్లు దగ్గరగా ఉంటే.

మెరైన్ ప్లై అయినా కోసిన అంచు నీళ్ళు తాగుతుంది. ప్రతి అంచుకీ, ప్రతి స్క్రూ రంధ్రానికీ ఎపాక్సీ పూయకుండా బిగించవద్దు. మా దగ్గర సగం కిచెన్ క్యాబినెట్లు పాడయ్యేది సింకు దగ్గర కోసిన ఆ గుండ్రటి రంధ్రం అంచు నుంచే.

మిగిలిన పాత చెక్కకి మందు పెట్టండి. కంసాలులు వాడే వెలిగారం, క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు. కిలో బోరిక్‌కి కిలోన్నర వెలిగారం చొప్పున వేడినీళ్ళలో కరిగించి బ్రష్షుతో రెండు మూడు పూతలు పూస్తే శిలీంధ్రానికీ చెదలకీ పని చేస్తుంది. చెక్క కొద్దిగా తడిగా ఉన్నప్పుడే ఇంకా బాగా లోపలికి ఇంకుతుంది. కానీ నీళ్ళు తగిలితే కొట్టుకుపోతుంది కాబట్టి ఆరాక పైన పూత తప్పనిసరి. పిల్లలకి అందకుండా పెట్టండి. రాగి కలిసిన చెక్క మందులు మాత్రం మీ బండికి పనికిరావు, రాగి తగిలిన చోట అల్యూమినియం తినేస్తుంది.

సువర్ణముఖి

సత్తిబాబు గారూ, మీరు చెప్పిందే నిజం. కింద నుంచి పైపు పడితే చక్రం రేకు సందులోంచి నీళ్ళు పైకి ఎక్కాయి. ట్రే బాగానే ఉంది.

చెక్కముక్క గారూ, కోసి ఎంతో కొంత మిగిల్చుకోవాలని మా వారి ఆశ. మెత్తబడిన చెక్కలోకి ఎపాక్సీ ఎక్కించి గట్టిపరచొచ్చని వీడియోల్లో చూపిస్తున్నారు. అది నిజమేనా?

చెక్కముక్క

బరువు మోయని చోట, అరచేయంత మేర అయితే చేయొచ్చు. పల్చటి ఎపాక్సీ పీల్చుకుంటుంది, గట్టిపడుతుంది. కానీ చెక్క పూర్తిగా ఎండి ఉండాలి, తడి చెక్కలోకి ఎపాక్సీ పోదు. మంచం మోసే రీపరుకి, చక్రం పక్క రీపరుకి ఆ మాట అనకండి. అవి మార్చాల్సిందే.

తీరం (కళింగపట్నం)

ఫైబర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా వైపు చెక్క తెప్పలు పోయి ఫైబర్ తెప్పలు వచ్చి చాలా ఏళ్ళైంది. పగిలితే మేమే అతుకుతాం. మీ చక్రం రేకు బదులు ఫైబర్ గిన్నె అచ్చుపోసి పెట్టొచ్చు, తుప్పు సమస్యే ఉండదు. భావనపాడులోనో బారువలోనో తెప్పలు రిపేరు చేసేవాళ్ళని అడిగినా చేసిపెడతారు.

కాకపోతే జాగ్రత్త. తెప్పలకి వాడేది పాలిస్టర్ రెసిన్. అది థర్మోకోల్‌కి తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది, రెసిన్‌లో ఉండే స్టైరీన్ వల్ల. పూసిన పది నిమిషాలకి చూస్తే వెనక ఏమీ ఉండదు, బోలు మిగులుతుంది. థర్మోకోల్ ఉన్న చోట ఎపాక్సీ వాడండి, అది కరిగించదు. చెక్కకి కూడా ఎపాక్సీయే బాగా పడుతుంది, పాలిస్టర్ కొన్నాళ్ళకి పొరలా ఊడుతుంది.

మీ వారే స్వయంగా పాలిస్టర్ కలపాలనుకుంటే ఇంకొకటి. రెసిన్‌తో రెండు సీసాలు ఇస్తారు: ఊదారంగు కోబాల్టు, నీళ్ళలా ఉండే హార్డెనర్. ఆ రెండిటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. కోబాల్టు ముందుగా రెసిన్‌లో కలిపి, బాగా తిప్పాక, వేరే కొలతతో హార్డెనర్ వేయాలి, ఒకటి రెండు శాతం. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోతుంది, కళ్ళజోడు లేకుండా మూత తీయొద్దు.

కొత్తవలస కుర్రోడు

అయితే బండి మొత్తం బయట ఫైబర్ చుట్టేస్తే సరి! లీకులన్నీ ఒకేసారి పోతాయి. తెప్పలో నీళ్ళు రావు కదా.

తీరం

తమ్ముడూ, తెప్ప అచ్చులో పోసిన ఒకే ముక్క. ఈ బండి గోడ రివెట్ల రేకు, రోడ్డు మీద ఊగుతుంది. రేకు కదిలితే పైన ఫైబర్ సన్నగా చీలుతుంది. ఆ చీలికలోంచి దిగిన నీళ్ళకి బయటికి దారి ఉండదు. మా దగ్గర పాత చెక్క పడవలకి ఫైబర్ చుట్టినవాళ్ళున్నారు. పైకి నున్నగా ఉండేది, లోపల చెక్క చేత్తో తీసేలా అయ్యేది.

రాజాం మాస్టారు

చర్చ బాగా సాగుతోంది. ఒక ప్రశ్న అడుగుతాను. సువర్ణముఖి గారూ, మీ బండిలో ఏసీ ఉందా? పైకప్పు మీద ఉన్నదా? ఎంతలో పెట్టుకుంటారు?

సువర్ణముఖి

ఉంది మాస్టారూ, కప్పు మీద. 22లో పెడితే గానీ పిల్లలు పడుకోరు.

రాజాం మాస్టారు

అనుకున్నాను. కారవాన్ మరమ్మతు గురించి నెట్‌లో దొరికేవి ఎక్కువగా చలిదేశాల వాళ్ళవి. అక్కడ బయట చలి, లోపల హీటరు. తేమ లోపలి నుంచి బయటికి పోతూ గోడలో చల్లబడి నీరవుతుంది. అందుకని వాళ్ళు లోపలి వైపు ప్లాస్టిక్ షీటు కొట్టమంటారు. మన దగ్గర లెక్క తలకిందులు. బయట 30 డిగ్రీలు, గాల్లో తేమ 80 శాతం అనుకోండి, మన తీరానికి ఆగస్టులో అది మామూలే. ఆ గాలి సుమారు 26 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీరు కడుతుంది. మీరు లోపల 22 పెట్టారు. లోపలి ప్లైవుడ్ వెనక భాగం 26 కంటే చల్లగా ఉంటుంది. రేకు సందుల్లోంచి గోడలోకి దూరిన బయటి గాలి దానికి తగిలి చెమర్చుతుంది, చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమర్చినట్టు. వాన లేని రోజున కూడా గోడ లోపల తడి చేరుతుందన్నమాట.

కాబట్టి వీడియో చూసి ప్లైవుడ్ వెనక ప్లాస్టిక్ షీటు పెట్టకండి. అది తడిని సరిగ్గా తప్పు చోట పట్టి ఉంచుతుంది. మీ సన్‌మైకా ఇప్పటికే ఆ పని కొంత చేస్తోంది. ప్లాస్టిక్ పెట్టాలంటే వేడి వైపు, అంటే రేకు వెనకే పెట్టాలి. నన్నడిగితే రేకు జాయింట్లు బాగా మూసి, థర్మోకోల్‌ని ఖాళీల్లేకుండా బిగించి, లోపల సన్‌మైకాకి బదులు పెయింటుతో సరిపెట్టండి. తేమ లోపలికి వచ్చినా ఏసీ లాగేస్తుంది.

హైవే16

మాస్టారూ, ఒక అనుమానం. మా బండి ఎక్కువ రోజులు ఏసీ లేకుండానే నిలబడి ఉంటుంది. అప్పుడు ఈ లెక్క వర్తించదు కదా?

రాజాం మాస్టారు

వర్తించదు. ఏసీ వేసుకుని రోజుల తరబడి పడుకునేవాళ్ళ సమస్య ఇది. నిలబడి ఉన్న బండికి గాలి ఆడటమే మందు. కప్పు మీది వెంటు కొద్దిగా తెరిచి, పైన వాన పడకుండా మూత పెట్టండి.

సాలూరు సత్తిబాబు

మాస్టారు చెప్పింది నాకు సగమే అర్థమైంది గానీ ఏసీ బళ్ళ గోడలు లోపలి వైపు నుంచే పోవడం నేనూ చూశాను. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

సువర్ణముఖి

విప్పాం. ముందుభాగంలో మూడు రీపర్లు పోయాయి, అడ్డది చేత్తో తుంచితే పొడైంది. లోపల చీమల గూళ్ళు. థర్మోకోల్ కింద పిండితే నీళ్ళు కారేంత తడి. మంచి విషయం, ఎడమ పక్క గోడ మీటర్లో 14 చూపిస్తోంది, దాన్ని ముట్టుకోం. రీపర్లకి రేకుని పట్టి ఉంచిన ఇనప స్క్రూలు తుప్పు పట్టి తలలు ఊడిపోయాయి, చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడి అయింది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఆరబెట్టడం ఎలా? వాన రోజు మార్చి రోజు పడుతోంది. రెండోది, కిటికీకి, దీపాలకి సిలికాన్ కాకపోతే ఏది?

హైవే16

తెల్లటి పొడి అంటే ఇనుము, అల్యూమినియం, ఉప్పుగాలి మూడూ కలిసిన ఫలితం. కొత్తగా స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి, ప్రతిదాని కిందా సీలెంట్ పెట్టి బిగించండి. రెండు లోహాలూ నేరుగా తాకకపోతే చాలు.

ఆరబెట్టడానికి టార్పాలిన్ పైన కట్టండి గానీ బండికి చుట్టకండి, పక్కలు తెరిచి ఉండాలి. లోపల పెద్ద ఫ్యాను పెట్టి గాలి గోడ సందుల్లోంచి పోయేలా తిప్పండి. తలుపులు మూసుకుని ఏసీ వేసినా ఆరుతుంది, ఎందుకంటే ఏసీ గాల్లో తేమని నీళ్ళుగా బయటికి పంపేస్తుంది. హీటర్, హాలోజెన్ లైటు పెట్టి కాల్చొద్దు, ప్లై పొరలు విడిపోతాయి. వర్షాకాలంలో మన దగ్గర బయటి గాలికి చెక్క 15, 16 శాతం దగ్గర ఆగిపోతుంది, అంతకంటే దిగాలని ఎదురుచూడొద్దు. 18 లోపు వచ్చి వారంపాటు నిలకడగా ఉంటే మూసేయొచ్చు.

సీలెంట్: ఫ్రేము కింద, అంటే కిటికీ అంచుకీ రేకుకీ మధ్య బ్యూటైల్ టేపు పెట్టండి. అది ఎన్నేళ్ళైనా గట్టిపడదు, కుదుపుకి సాగుతుంది, రేపు విప్పాలన్నా విప్పొచ్చు. బిగించేటప్పుడు ఒక్కసారే గట్టిగా తిప్పకుండా, ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెం బిగించుకుంటూ వెళ్తే టేపు అంచుల నుంచి పొంగుతుంది. మర్నాడు మళ్ళీ బిగించి, పొంగినదాన్ని ప్లాస్టిక్ ముక్కతో కోసేయండి. బయటి అంచు మీద పాలీయురేథేన్ సీలెంట్ సన్నటి గీతగా. సికాఫ్లెక్స్ 221 లాంటిది, లారీ బాడీ సామాను దుకాణాల్లో అడగండి. కిటికీ కింది అంచు మాత్రం పూర్తిగా మూయకండి, పొరపాటున నీళ్ళు దూరినా బయటికి పోవాలి. పాత సీలెంట్ అణువంత కూడా మిగలకుండా గీకి, శుభ్రం చేశాకే కొత్తది. ఇదే అన్నిటికన్నా విసుగు పుట్టే పని, ఇక్కడే అందరూ తొందరపడతారు.

దీపాల రంధ్రానికి రబ్బరు బుష్, వైరుని కిందకి ఒక వంపు తిప్పి లోపలికి పంపండి. నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఏసీ కింద నాలుగు బోల్టులుంటాయి, స్పాంజి గాస్కెట్ నొక్కుకుపోయి ఉంటుంది. విప్పినందుకు అదీ మార్చేయండి.

తీరం

పాత చెక్క దులిపేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుని సరిపెట్టకండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి. బూజు పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫైబర్ గీకినప్పుడూ అంతే.

పలాస పడుచు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇలా సగం బాడీ మార్చేస్తే ఆర్‌టీవో దగ్గర ఇబ్బంది రాదా? మేం కూడా పాత అంబులెన్స్ కొని కారవాన్ చేయాలనుకుంటున్నాం.

హైవే16

ఉన్నది ఉన్నట్టు బాగుచేస్తే రిపేరే. పొడవు, ఎత్తు, సీట్లు, బండి రకం లాంటివి ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా మారిస్తేనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, ముందుగా అనుమతి తీసుకోవాలి. మీది అంబులెన్స్ కాబట్టి కచ్చితంగా అందులోకి వస్తుంది, కొనకముందే ఆర్‌టీవోలో అడగండి. సువర్ణముఖి గారూ, మీ ఆర్‌సీలో బండి రకం మోటార్ కారవాన్ అనే ఉందా? 15 ఏళ్ళు దాటిన బండి కదా, రెన్యువల్ తేదీ కూడా చూసుకోండి.

సువర్ణముఖి

కారవాన్ అనే ఉంది, రెన్యువల్ అయ్యాకే కొన్నాం.

మోడరేటర్

పలాస పడుచు గారూ, అంబులెన్స్ మార్పిడికి వేరే థ్రెడ్ మొదలుపెట్టండి, ఇది పాడవకుండా ఉంటుంది.

సాలూరు సత్తిబాబు

అమ్మా, ఇంకో సంగతి. దసరాకి అయిపోవాలని మూసేయకండి. మన జిల్లాలకి అక్టోబరు అంటే తెలుసు కదా. హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12న, తిత్లీ 2018లో అక్టోబరు 11న. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఆ గాలికి వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడతాది. కొత్తగా వేసిన సీలెంట్‌కి అదే అసలు పరీక్ష. ఒక తుఫాను వాన చూశాకే లోపల ప్లైవుడ్ మూయండి. అందాకా తెరిచి ఉంచితే మళ్ళీ కారినా కంటికి కనబడతాది.

పైగా దసరా తర్వాతి మంగళవారం మీ పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ వారం విజయనగరంలో పనివాడు దొరికితే నాకు ఫోటో పెట్టండి.

సువర్ణముఖి

మీ మాటే ఖాయం చేశాం. అరకు ఈసారి రైల్లో. పిల్లలు రెండు రోజులు మాట్లాడలేదు.

కొత్తవలస కుర్రోడు

అక్కా, మా ఊరొచ్చి కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. కుడివైపు సీట్లు పట్టుకోండి, లోయలన్నీ అటే. సిలికాన్ అవసరం లేదు.

చెక్కముక్క

ఇన్ని పోస్టుల్లో కుర్రోడు చెప్పిన పనికొచ్చే మాట ఇదే.

సువర్ణముఖి

రీపర్లు మార్చాం, వాలు అతుకు ఒక్కచోటే పడింది. వెలిగారం మందు పూసి, ఎండాక ఎపాక్సీ పూత కూడా వేశాం. చక్రం మీదికి ఫైబర్ గిన్నె కళింగపట్నం వైపు పోయిస్తున్నాం, తీరం గారికి థాంక్స్. నుదుటి దగ్గర ఊడిన రేకుని మళ్ళీ రివెట్లు కొట్టాలి. మామూలు పాప్ రివెట్లు సరిపోతాయా సత్తిబాబు గారూ?

సాలూరు సత్తిబాబు

మామూలు పాప్ రివెట్టు మధ్యలో బోలు. మేకు తెగాక ఆ రంధ్రంలోంచి నీళ్ళు దిగుతాయి. సీల్డ్ రివెట్లని వేరే ఉంటాయి, వెనక మూసి ఉండేవి, అవి అడగండి. పాత రంధ్రాలు పెద్దవైపోయి ఉంటే 4.8 మిల్లీమీటర్ల సైజు వేయండి. కొట్టేముందు ప్రతి రివెట్టునీ సీలెంట్‌లో ముంచి పెట్టండి. ముందు రెండు చివర్లు, తర్వాత నడుమ, ఆ తర్వాత మిగతావి. ఒక చివర నుంచి వరసగా కొట్టుకుంటూ పోతే రేకు అలలు తేలుతాది.